ప్రశాంతమైన దీవి కావాలంటే తలలు లెక్కపెట్టాల్సిందే

థాయ్‌లాండ్‌లో ఓ చిన్న దీవిలో ఉన్న మాయా బే బీచ్‌లో ఇప్పుడు ఈత కొట్టనివ్వరు. బోట్లు దీవి వెనక వైపు ఆగాలి, అక్కడి నుంచి బీచ్‌కు నడిచి రావాలి. ఏటా ఆగస్టు, సెప్టెంబర్‌లలో పూర్తిగా మూసేస్తారు. ఇంత ఖర్చు పెట్టుకుని వస్తే నీళ్లలోకి దిగొద్దంటారా అని విసుక్కునేవాళ్లకు కొదవలేదు. అంతకుముందు అక్కడ జరిగింది తెలిస్తే ఆ నిబంధనలు ఎక్కువేం కాదనిపిస్తుంది. రోజుకు వేలమంది జనం, నేరుగా ఒడ్డుకే దూసుకొచ్చే స్పీడ్‌బోట్లు, లంగర్ల కింద నలిగిన పగడాలు. 2018 జూన్‌లో మూసిన బీచ్‌ను 2022 జనవరిలో గానీ తెరవలేదు. ఈలోగా, రెక్కల చివర నల్లమచ్చ ఉండే సొరచేపలు ఒడ్డు పక్క లోతులేని నీళ్లలోకి తిరిగొచ్చాయి. వాటిని ఎవరూ తెచ్చి వదల్లేదు. జనం రాకపోవడమే చాలింది.

పర్యాటకులు బాధ్యతగా ఉంటే చాలు అనే మాట వినడానికి బాగానే ఉంటుంది. నాకు దాని మీద పెద్దగా నమ్మకం లేదు. పసిఫిక్ సముద్రంలోని పలావు అనే దీవుల దేశం 2017 డిసెంబర్ నుంచి వచ్చినవాళ్ల పాస్‌పోర్టులో ప్రకృతిని కాపాడతామనే ప్రమాణాన్ని ముద్ర వేసి సంతకం పెట్టిస్తోంది. మంచి పనే. కానీ సంతకం పెట్టిన బుద్ధిమంతుడు కూడా స్నానం చేయాలి, టాయిలెట్‌కు వెళ్లాలి. చిన్న పగడపు దీవుల్లో సహజంగా దొరికే మంచినీరంటే ఇసుకలోకి ఇంకి, అడుగున ఉప్పునీటి మీద తేలే వాననీటి పొర. మితిమీరి తోడితే ఉప్పునీరు పైకొచ్చేస్తుంది. ఇక మురుగు సంగతి ఫిలిప్పీన్స్‌లోని బోరాకాయ్‌ని చూస్తే తెలుస్తుంది. శుద్ధి చేయని మురుగు సముద్రంలో కలుస్తోందని 2018 ఏప్రిల్ నుంచి ఆరు నెలలు దీవినే మూసేశారు. తెరిచేటప్పుడు ఒకేసారి 19,215 మంది పర్యాటకులకు మించి ఉండకూడదని హద్దు పెట్టారు.

ఇసుక కూడా ఊరికే రాదు. చిలుకచేప పగడం మీది నాచు కోసం రాయితో సహా కొరుకుతుంది. గొంతులోని పళ్లతో దాన్ని పిండి చేసి ఇసుకగా విసర్జిస్తుంది. పెద్ద చేపైతే ఏడాదికి వందల కిలోలు! హనీమూన్ ఫొటోల్లో తళతళలాడే తెల్లటి ఇసుకలో చాలా భాగం ఇలా వచ్చిందే. పగడాలు, ఆ చేపలు తగ్గితే కొత్త ఇసుక రాకా తగ్గుతుంది.

వచ్చేవాళ్ల సంఖ్యకు హద్దు పెడితే రేట్లు పెరిగి, డబ్బున్నవాళ్లకే దీవులు మిగులుతాయన్న అభ్యంతరం ఉంది. అది కొట్టిపారేయాల్సింది కాదు. అయితే ఎవరు రావాలో ధరే తేల్చాలని లేదు. హవాయిలోని హనౌమా బేలో బయటివాళ్లు ముందుగా ఆన్‌లైన్‌లో స్లాట్ తీసుకుని, టికెట్ కొనాలి. స్థానికులకు ప్రవేశం ఉచితం. వారానికి రెండు రోజులు ఎవరికీ ప్రవేశం లేదు, ఎంత ఇస్తామన్నా సరే.