స్నేహం కాదు బాబూ, వాటాలు కుదిరాయి

టేక్ దట్ అనే బ్రిటిష్ పాప్ గ్రూపు గురించి ఎవరు చెప్పినా చివరికి ఒకటే కథ. కుర్రాళ్ళు విడిపోయారు, పదేళ్ళకి కోపాలు చల్లారాయి, స్నేహం గెలిచింది. ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. కాలేజీ రోజుల్లో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో రిథమ్ ప్యాడ్స్ వాయించినవాణ్ణి. స్టేజీ మీద అందరం అన్నదమ్ములమే. పెళ్ళివారు డబ్బుల కవరు ఎవరి చేతిలో పెట్టారో, అది ఎలా పంచారో అన్నదగ్గరే అసలు రంగు బయటపడేది.

ఈ ఐదుగురూ చిన్ననాటి దోస్తులేం కాదు. 1990లో మాంచెస్టర్‌లో నైజెల్ మార్టిన్-స్మిత్ అనే మేనేజర్, అమెరికాలో న్యూ కిడ్స్ ఆన్ ద బ్లాక్ అనే కుర్రాళ్ళ పాప్ గ్రూపు వెనకపడిన జనాన్ని చూసి ఏరి కూర్చిన గ్రూపు. మధ్యలో గ్యారీ బార్లో. క్లబ్బుల్లో కీబోర్డు వాయిస్తూ అప్పటికే సొంత పాటలు కట్టుకుంటున్నవాడు. డాన్సుకి హావర్డ్ డోనాల్డ్, జేసన్ ఆరెంజ్. మార్క్ ఓవెన్‌ని ఆ ముద్దు మొహం చూసి తీసుకున్నారని నా అనుమానం. స్టోక్ నుంచి వచ్చిన రాబీ విలియమ్స్‌కి పదహారేళ్ళు. 1991లో మొదటి పాట తుస్సుమంది. గే క్లబ్బుల్లో, స్కూళ్ళలో ఆడి పాడి జనాన్ని కూడగట్టుకున్నారు. 1993లో 'ప్రే' పాట బ్రిటన్ చార్టుల్లో నంబర్ వన్. అక్కణ్ణుంచి విడిపోయేలోపు మొత్తం ఎనిమిది నంబర్ వన్‌లు.

ఇక్కడే మెలిక. పాట రాసినవాడికి రాయల్టీ విడిగా వస్తుంది. పక్కన పల్టీలు కొట్టినవాడికి అందులో పైసా రాదు. హిట్లలో ఎక్కువ భాగం గ్యారీ రాసినవి. అంటే ఒకే వ్యాన్‌లో తిరిగారు, ఒకే స్టేజీ మీద చెమటోడ్చారు, బ్యాంకు ఖాతాలు మాత్రం వేరు వేరు. గ్యారీది తప్పంటానా? అనను. రాసింది అతనే. కానీ ఈ లెక్కతో ఐదుగురు కుర్రాళ్ళు ఎన్నాళ్ళు కలిసుంటారు?

1995 వేసవిలో రాబీ గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవానికి వెళ్ళి రాక్ బ్యాండ్ ఒయాసిస్‌ వాళ్ళతో చిందులేశాడు. జూలైకల్లా గ్రూపు బయట ఉన్నాడు. 1996 ఫిబ్రవరి 13న మిగతా నలుగురూ ఇక సెలవన్నారు. ఆ రోజు రాబీ పుట్టినరోజు కూడా. ఏడుస్తున్న అమ్మాయిల కోసం హెల్ప్‌లైన్లు పెట్టాల్సి వచ్చింది. దీనికి ఇప్పటికీ పకపకా నవ్వేవాళ్ళున్నారు. కటౌట్లకి పాలాభిషేకాలు చేసే మనం ఎవర్నీ చూసి నవ్వకూడదు, ఆ మాట ఇక్కడే చెప్పేస్తున్నా.

తర్వాత అందరూ పందెం కాసింది గ్యారీ మీద. మొదట్లో సోలోగా రెండు నంబర్ వన్‌లు కొట్టాడు, 1999లో రెండో ఆల్బమ్ బోల్తా పడింది, రికార్డు కంపెనీ వదిలేసింది. ఇంట్లో కూర్చుని తిన్నాడు, లావయ్యాడు, తిన్నది కక్కుకునే జబ్బు పట్టింది. ఇవన్నీ తర్వాత తనే రాసుకున్నాడు. కొరగాడని అందరూ అనుకున్న రాబీ మాత్రం 2003లో నెబ్‌వర్త్‌లో మూడు రోజుల్లో 3,75,000 మంది ముందు పాడాడు. దొరికిన ప్రతి ఇంటర్వ్యూలో గ్యారీని వెక్కిరించాడు కూడా.

2005లో ఈ గ్రూపు మీద టీవీ డాక్యుమెంటరీ వచ్చింది, 2006లో నలుగురూ టూర్‌కి బయల్దేరారు. పాత పాటలు పాడి డబ్బులు చేసుకుని పోతారనుకున్నారు అంతా. వాళ్ళు కొత్త ఆల్బమ్ చేశారు. 'పేషెన్స్' పాట రచయితల పేర్లు చూడండి: బార్లో, డోనాల్డ్, ఆరెంజ్, ఓవెన్, వాళ్ళతో పాటు ప్రొడ్యూసర్ జాన్ షాంక్స్. డాన్సు కోసం తెచ్చినవాళ్ళ పేర్లు కూడా రచయితల వరసలో! నలుగురూ సమానంగా రాశారా? నేను నమ్మను. నమ్మాల్సిన పనీ లేదు. ఒకప్పుడు పాటలన్నీ తనవే అన్నవాడు ఈసారి పేరూ వాటా పంచాడు, అంతే చాలు. తర్వాతి నంబర్ వన్ 'షైన్' పాడింది మార్క్. మొహం కోసం తీసుకున్నారన్నానే, ఆ అబ్బాయే.

2010లో రాబీ కూడా తిరిగొచ్చాడు. ముందు గ్యారీతో కూర్చుని తమ గొడవ మీదే 'షేమ్' అనే పాట రాశాడు. మరుసటి ఏడు, 2011లో, లండన్ వెంబ్లీ స్టేడియంలో ఎనిమిది రాత్రులు. తర్వాత మళ్ళీ తన దారి తను చూసుకున్నాడు, ఈసారి తిట్లు లేవు.

అన్నట్టు ఈ పద్దుల పిచ్చి కాస్త ముదిరింది కూడా. గ్యారీ, మార్క్, హావర్డ్ డబ్బు పెట్టిన ఓ పథకం పన్ను తప్పించుకోవడానికేనని 2014లో ట్రిబ్యునల్ తేల్చింది. గ్యారీ క్షమాపణ చెప్పాడు. చెప్పాలి మరి.

నాకిష్టమైనవాడు మాత్రం జేసన్. అదే ఏడాది సెప్టెంబర్‌లో, ఇంక నాకు చేయాలని లేదు అని చెప్పి ఇంటికెళ్ళిపోయాడు. సోలో ఆల్బమ్ లేదు, ఎవరి మీదా బురద లేదు. మిగిలిన ముగ్గురూ అతని చోట్లో ఎవర్నీ తేలేదు. 2023లో కూడా ముగ్గురే ఆల్బమ్ చేసి నంబర్ వన్ కొట్టారు. 'పేషెన్స్' రేడియోలో వచ్చినప్పుడల్లా జేసన్ వాటా జేసన్‌కి వెళ్తూనే ఉంటుంది.