కొటుల్లా మాస్టారి బెత్తం

1960ల్లో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న లిండన్ జాన్సన్ గురించి రాసే వాళ్లంతా కొటుల్లా దగ్గర కాస్త కరిగిపోతారు. టెక్సాస్‌లో చిన్న ఊరది. 1928లో, కాలేజీ ఫీజుకు డబ్బుల్లేక చదువు ఆపేసిన ఇరవయ్యేళ్ల జాన్సన్, అక్కడ పేద మెక్సికన్ కుటుంబాల పిల్లల బడికి మాస్టారుగా వెళ్లాడు. పొద్దున ఏమీ తినకుండా వచ్చే పిల్లలు. తన మొదటి జీతంలోంచి వాళ్లకు ఆటసామాన్లు కొన్నాడు. అదే మాస్టారు, బడి ఆవరణలో పిల్లలు స్పానిష్ మాట్లాడితే ఊరుకునేవాడు కాదు, శిక్షించేవాడు. మొదటి సంగతి అందరూ చెబుతారు. నాకు రెండోది కూడా ముఖ్యమే అనిపిస్తుంది.

1965 మార్చి 15న నల్లజాతివారి ఓటు హక్కు కోసం అమెరికా పార్లమెంటు ఉభయ సభల ముందు మాట్లాడుతూ ఆ ఆకలి పిల్లల్ని తలుచుకున్నాడు. ఇప్పుడు అధికారం చేతికొచ్చింది, వాడి తీరతానన్నాడు. గొప్ప ప్రసంగమే, కాదనను. కానీ 1937లో సభలో అడుగుపెట్టినప్పటి నుంచి ఇరవయ్యేళ్ల పాటు పౌరహక్కుల బిల్లులకు వ్యతిరేకంగా ఓటేసిందీ ఆయనే. టెక్సాస్ తెల్లవాళ్ల ఓట్లు కావాలి మరి.

1965 అక్టోబరు 3న ఆయన సంతకం చేసిన వలస చట్టం మన ఇళ్ల దాకా వచ్చింది. అంతకుముందు భారత్‌కు ఏడాదికి వంద వీసాల కోటా ఉండేది. అది పోబట్టే తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు అమెరికాలో స్థిరపడే దారి తెరుచుకుంది. ఆ రోజుల్లోనే అమెరికా నుంచి మనకు రావాల్సిన గోధుమల్ని మాత్రం ఒక్కసారిగా ఇవ్వకుండా కొద్దికొద్దిగా విడుదల చేశాడు. ఇక్కడ కరువు. వ్యవసాయాన్ని తాను చెప్పినట్టు చక్కదిద్దుకుంటేనే తర్వాతి ఓడ. హోంవర్క్ చూపిస్తేనే అన్నం అన్నట్టు!

వియత్నాంలోనూ అదే పద్ధతి. 1965 మార్చిలో ఉత్తర వియత్నాంపై ఎడతెగని బాంబుల వర్షం మొదలుపెట్టాడు. ఏప్రిల్‌లో, దారికొస్తే మెకాంగ్ ప్రాంత అభివృద్ధికి వంద కోట్ల డాలర్లు ఇస్తామన్నాడు. ఒక చేత్తో ఆటసామాన్లు, ఇంకో చేత్తో బెత్తం. ఉత్తర వియత్నాం రాజధాని హనోయి లొంగలేదు. అవతల కూర్చున్న ఉత్తర వియత్నాం నాయకుడు హో చి మిన్ కూడా కుర్రతనంలో బడిపంతులే. ఆయన సేనాధిపతి జియాప్ అయితే చరిత్ర మాస్టారు.