షార్ట్‌వేవ్ చచ్చిందట, రేడియో కొనొద్దట!

వాట్సాప్‌లో ఒక సందేశం కొన్నాళ్లుగా తిరుగుతోంది. రేడియో పిచ్చోళ్ల గ్రూపుల్లోకే కాదు, మా బంధువుల గ్రూపులోకీ వచ్చింది. నా సంగతి తెలిసిన మా బావమరిది దాన్ని నా పేరు ట్యాగ్ చేసి మరీ పెట్టాడు. అందులో చెప్పింది ఇది: దూరదేశాల నుంచి వినిపించే షార్ట్‌వేవ్ స్టేషన్లన్నీ మూతపడ్డాయి. ఒకటీ అరా మిగిలినా అవి యాప్‌లో ఇంకా శుభ్రంగా వినిపిస్తాయి. ఇప్పుడొచ్చే చైనా సెట్లు ఆటబొమ్మలు, తాతల నాటి రేడియోనే నయం. పట్నంలో ఏ సెట్టు పెట్టినా గరగర తప్ప ఏమీ రాదు. పైగా డిజిటల్ రేడియో వచ్చేస్తోంది. కాబట్టి ఇప్పుడు పది వేలు పోసి పోర్టబుల్ సెట్టు కొనేవాడికి డబ్బు ఎక్కువైనట్టే.

ఐదూ పచ్చి అబద్ధాలైతే ఇంత రాసే పని ఉండేది కాదు. ఇందులో ఒకటి ముప్పాతిక నిజం, ఒకటి సగం నిజం. అందుకే జనం నమ్ముతున్నారు.

ముప్పాతిక నిజం మొదటిదే. స్టేషన్లు మూతపడ్డ మాట వాస్తవం. బీబీసీ 2001 జులైలోనే ఉత్తర అమెరికాకు, ఆస్ట్రేలియాకు షార్ట్‌వేవ్ ఆపేసింది. 2012లో రేడియో నెదర్లాండ్స్, రేడియో కెనడా ఇంటర్నేషనల్ పోయాయి. 2017 జనవరి 31న రేడియో ఆస్ట్రేలియా పోయింది. మన పొద్దుటి అలవాటైన బీబీసీ హిందీ 2020 జనవరి 31తో ఆఖరు. 2025 మార్చిలో వాయిస్ ఆఫ్ అమెరికా ప్రసారాలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఇంటి సంగతికొస్తే, 60 మీటర్ల బ్యాండులో 4800 కిలోహెర్ట్జ్ దగ్గర పలికిన ఆకాశవాణి హైదరాబాద్ ఇప్పుడు అక్కడ దొరకదు. సిలోన్‌లో తెలుగు పాటల కోసం మధ్యాహ్నం అన్నం పళ్లెం రేడియో పక్కన పెట్టుకున్న తరానికి ఇవాళ్టి డయలు పాడుబడ్డ వీధిలాగే ఉంటుంది. కాదనను.

కానీ మిగిలినవి "ఒకటీ అరా" కాదు. చైనా రేడియో ఇంటర్నేషనల్ ఇంగ్లిష్, హిందీ, తమిళం, బెంగాలీ ప్రసారాలు మన ఊళ్లలో లోకల్ స్టేషన్ లాగా మోగుతాయి. బుకారెస్టు నుంచి రేడియో రొమేనియా ఇంటర్నేషనల్ ఇంగ్లిష్ కార్యక్రమాలు ఇస్తూనే ఉంది. ఆకాశవాణి విదేశీ ప్రసారాలున్నాయి, బీబీసీ ఇంగ్లిష్ రోజులో కొన్ని గంటలుంది. సాయంత్రం చీకటి పడ్డాక 31 మీటర్ల బ్యాండులో ఈ కొస నుంచి ఆ కొసకు వెళితే చెవిన పడే భాషల్లో సగం ఏవో నాకే తెలియవు.

మరి "నేను పెట్టి చూశాను, ఏమీ రాలేదు" అనేవాళ్ల మాటేమిటి? వాళ్లను ఎన్ని గంటలకు పెట్టారు, ఏ బ్యాండు పెట్టారు అని అడగండి. బ్యాండు పేరులో మీటర్లు ఎంత ఎక్కువైతే ఫ్రీక్వెన్సీ అంత తక్కువ. మిట్టమధ్యాహ్నం 49 మీటర్లు పెడితే దూరపు స్టేషన్ ఒక్కటీ రాదు, ఎందుకంటే పగటి ఎండలో ఆకాశంలోని అయనోవరణం కింది పొర ఆ తక్కువ ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది. అర్ధరాత్రి 13 మీటర్లు పెట్టినా అంతే. ఎక్కువ ఫ్రీక్వెన్సీని వెనక్కి తిప్పి పంపే శక్తి ఆ పొరలకు రాత్రిపూట ఉండదు. ఇంకొకటి, అంతర్జాతీయ స్టేషన్లు మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం ఫ్రీక్వెన్సీలు మార్చుకుంటాయి. నిన్నటిదాకా విన్న చోట స్టేషన్ లేకపోతే "ఇదీ పోయింది" అని గ్రూపులో సంతాపం పెట్టేస్తారు. అది పక్క వీధికి ఇల్లు మారిందంతే.

రెండోది, యాప్ వాదన. పాటలకు, తీరికగా వినే కార్యక్రమాలకు యాప్ బాగుంటుంది. దాని కోసం ఎవరినీ రేడియో కొనమనను. అయితే ఈ వాదన వెనక ఒక నమ్మకం దాక్కుని ఉంది: ఇంటర్నెట్ ఎప్పుడూ ఉంటుంది, దాన్ని ఎవరూ ఆపరు అని. 2019 ఆగస్టులో కశ్మీర్‌లో ఫోన్లూ ఇంటర్నెట్టూ రెండూ ఆపేశారు. అప్పుడు బీబీసీ ఏం చేసింది? షార్ట్‌వేవ్‌లో హిందీ, ఇంగ్లిష్ ప్రసారాల సమయం పెంచింది, ఉర్దూలో రోజూ పావుగంట వార్తలు కొత్తగా మొదలుపెట్టింది. అదే బీబీసీ ఆరు నెలలు తిరక్కుండా షార్ట్‌వేవ్‌లో హిందీని పూర్తిగా ఆపేయడం వేరే విడ్డూరం. వాళ్ల లెక్కలు మనకెందుకు గానీ, అవసరం వచ్చిన రోజున వాళ్ల చెయ్యి ఎటు వెళ్లిందో గుర్తుంచుకుంటే చాలు.

2022 మార్చిలో మళ్లీ అదే జరిగింది. ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైన వారానికే రోజుకు నాలుగు గంటల ఇంగ్లిష్ వార్తలు 15735, 5875 కిలోహెర్ట్జ్‌ల మీద ఉక్రెయిన్‌కూ, రష్యాలో కొంత మేరకూ పంపారు. ఆ రోజుల్లోనే రష్యా బీబీసీ వెబ్‌సైటుకు అడ్డుకట్ట వేసింది. ఆ ఏడాది జనవరిలో టాంగాలో సముద్రగర్భ అగ్నిపర్వతం పేలి, ఆ దేశాన్ని ప్రపంచంతో కలిపే ఒకే ఒక్క కేబుల్ తెగింది. బాగు చేయడానికి అయిదు వారాలు పట్టింది. న్యూజిలాండ్ ప్రభుత్వం అదే సంవత్సరం పసిఫిక్ దీవుల కోసం కొత్త షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్‌కు 44 లక్షల న్యూజిలాండ్ డాలర్లు ఇచ్చింది, 2024లో అది మోగడం మొదలైంది. చచ్చినదానికి ఎవరూ కొత్త చొక్కా కుట్టించరు.

మన దగ్గర తుపాను వస్తే షార్ట్‌వేవ్ ఆదుకుంటుందని మాత్రం చెప్పను. అది ఉత్సాహవంతులు చెప్పే గొప్ప. 2014 అక్టోబరులో హుద్‌హుద్ కొట్టాక విశాఖలో సెల్ టవర్లు మూగబోయాయి. అలాంటి రోజున కావలసింది మీడియం వేవ్: విజయవాడ 837, విశాఖ 927, హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్. పోర్టబుల్ షార్ట్‌వేవ్ సెట్లలో అదీ ఉంటుంది, బ్యాటరీతో నడుస్తుంది. కొనడానికి ఆ కారణం ఒక్కటే చాలంటే నాలుగైదు వందల రూపాయల మామూలు రేడియో సరిపోతుంది, నిజం చెప్పాలి కదా.

యాప్‌లో అసలు దొరకని సరుకు వేరే ఉంది. సముద్రం మీద ఎగిరే విమానాలు ముంబై, చెన్నై, కోల్‌కతా కేంద్రాలతో హెచ్‌ఎఫ్‌లో, అంటే షార్ట్‌వేవ్‌లోనే, మాట్లాడతాయి. 40 మీటర్లలో, 20 మీటర్లలో హామ్‌లు, అంటే లైసెన్సుతో సొంత రేడియో కేంద్రం నడిపే ఔత్సాహికులు, పొద్దున్నే కుశల ప్రశ్నలు వేసుకుంటారు. ఇవన్నీ ఎస్ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) అనే ప్రసార పద్ధతి. ఆ సదుపాయం లేని సెట్టులో ముక్కు మూసుకుని గొణిగినట్టు ఉంటుంది, ఉన్నదానిలో మనిషి గొంతు స్పష్టంగా విచ్చుకుంటుంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చిన రోజు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అండమాన్ వెళ్లిన హామ్ బృందం భారతి ప్రసాద్ నాయకత్వంలో పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. దేశదేశాల హామ్‌లతో సరదాగా మాట్లాడటానికి పెట్టిన కేంద్రం కాస్తా, బతికున్నవాళ్ల కబుర్లు బయటికి చేర్చే తంతి ఆఫీసైంది. అలాంటి మాటలు ఏ సర్వర్ గుండానూ వెళ్లవు. మాట్లాడాలంటే లైసెన్సు కావాలి, వినడానికి మటుకు ఎస్ఎస్‌బీ ఉన్న సెట్టు ఉంటే చాలు.

మూడోది, తాతల నాటి సెట్టు. ఇది చదివి నవ్వొచ్చింది, ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఇదే అనేవాణ్ని. మా తాతయ్య వాల్వు రేడియో గొంతు ఇప్పటికీ ఏ సెట్టుకూ రాలేదు. అంత పెద్ద చెక్కపెట్టె, అంత స్పీకరు మరి. కానీ స్టేషన్ పట్టడం గొంతుకు సంబంధించింది కాదు. 31 మీటర్ల బ్యాండు అంటే 9400 నుంచి 9900 కిలోహెర్ట్జ్, అయిదేసి కిలోహెర్ట్జ్ చొప్పున వంద గళ్లు. తాతయ్య డయలు మీద అదంతా బొటనవేలంత జాగా. ముల్లు వెంట్రుకవాసి జరిపితే మూడు స్టేషన్లు దాటిపోయేవి, ఏది ఏదో చెప్పేది అనౌన్సరే. ఇప్పుడు చేతిలో ఇమిడిపోయే టెక్సన్ పీఎల్-330 లో 9620 అని నొక్కితే సరిగ్గా అక్కడే నిలబడుతుంది, పక్క స్టేషన్‌ను కోసేసే ఫిల్టర్లు, ఎస్ఎస్‌బీ ఉన్నాయి. దాని బ్యాటరీ బీఎల్-5సీ, అంటే మన పాత నోకియా ఫోన్లలోదే, ఏ సెల్ దుకాణంలోనైనా దొరుకుతుంది. పాత సెట్లలో కెపాసిటర్లు ఎండిపోతాయి, బాగుచేసే మెకానిక్కులు కనుమరుగయ్యారు. సోనీ మంచి షార్ట్‌వేవ్ సెట్లు చేయడం మానేసి ఏళ్లయింది, పాతవాటికి ఇప్పుడు అడిగే ధర వింటే కళ్లు తిరుగుతాయి.

కొత్తవాటిలో లోపాలు లేవా అంటే, ఉన్నాయి. సన్నటి స్టేషన్ వినబోతే శబ్దం తగ్గించేస్తాయి, కొన్నిటి స్పీకరు డబ్బాలో బఠాణీలు వేసి ఊపినట్టుంటుంది. అయినా ఆటబొమ్మలు కావు.

అయితే తాతయ్య సెట్టు అంత బాగా ఎందుకు పట్టేదో ఆ సందేశం రాసినాయన ఆలోచించలేదు. మా ఇంటి హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు రాగి తీగల అల్లిక ఏరియల్ వేలాడేది. దాని కన్నా ముఖ్యం, ఊరి మొత్తానికి కరెంటుతో నడిచే వస్తువులంటే బల్బులు, ఫ్యాన్లు, ఒకటో రెండో మోటార్లు. ఇదే నాలుగో మాటకు జవాబు.

"పట్నంలో గరగర తప్ప ఏమీ రాదు" అన్నది సగం నిజం. గరగర ఉంది. కానీ అది ఆకాశం నుంచి రావడం లేదు, మన ఇంట్లోంచే వస్తోంది. ఫోన్ ఛార్జరు, ఎల్ఈడీ బల్బు, టీవీ, వైఫై రౌటరు, ఇన్వర్టరు, మేడ మీది సోలార్ పెట్టె, వీటన్నిటిలో కరెంటును సెకనుకు వేల సార్లు తుంచి అతికించే చిన్న సర్క్యూట్లుంటాయి. నాసిరకంవైతే షార్ట్‌వేవ్ అంతటా మురికి చల్లుతాయి. మా మూడో అంతస్తు ఫ్లాటులో నాకు ఏడాదిపాటు 41 మీటర్లలో ఒక బుర్రుమనే హోరు. సెట్టు చెడిందనుకుని ఇంకో సెట్టు కొన్నాను. దాంట్లోనూ అదే హోరు. ఒక రాత్రి అపార్ట్‌మెంటుకు కరెంటు పోయింది. అందరూ విసనకర్రలు వెతుక్కుంటుంటే నేను రేడియో పట్టుకుని బాల్కనీలో కూర్చున్నాను. బ్యాండంతా దీపాలు పెట్టినట్టు వెలిగింది! మర్నాడు సెట్టు చేత్తో పట్టుకుని ఇంట్లో ఒక్కో స్విచ్చి ఆపుతూ, ఆ తర్వాత మెట్ల మీద తిరుగుతూ వెతికితే దొంగ దొరికాడు: రెండో అంతస్తు మెట్ల దగ్గరి ఎల్ఈడీ బల్బు. వాచ్‌మన్‌కు కొత్త బల్బు నేనే కొనిచ్చాను. రెండో సెట్టుకు పెట్టిన డబ్బుతో అలాంటివి వీధంతా మార్చొచ్చు.

కాబట్టి కొనే ముందు ఇది చేయండి. ఎవరి దగ్గరైనా బ్యాటరీ సెట్టు అడిగి తెచ్చి, రాత్రి ఎనిమిదింటికి ఇంట్లో మెయిన్ ఆపి వినండి. తేడా కనిపిస్తే సమస్య మీ ఇంట్లో ఉంది, సెట్టుతో తీరేది కాదు. తేడా లేకపోతే డాబా మీదికి వెళ్లండి. ఇనుప చువ్వలు నింపిన కాంక్రీటు గోడలు దాటి పిట్టగోడ దగ్గర నిలబడితేనే చాలా స్టేషన్లు లేచి కూర్చుంటాయి. పది మీటర్ల మామూలు కరెంటు వైరు ఒక కొస క్రొకడైల్ క్లిప్పుతో సెట్టు ఏరియల్‌కు తగిలించి, రెండో కొస గోడలకు దూరంగా చాచండి. ఖర్చు ఓ వంద. ఎనిమిది వేల సెట్టుకు ఈ వైరు కలిపితే, ఫ్లాటులో కిటికీ పక్కన పెట్టిన పాతిక వేల సెట్టుకన్నా బాగా పలుకుతుంది. ఆ పాతిక వేల సెట్టు ఉన్నవాళ్లు దీన్ని ఒప్పుకోరు.

అసలు సెట్టే లేకపోతే నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం పెట్టిన వెబ్ఎస్‌డీఆర్‌లో, అంటే ఇంటర్నెట్‌లో ఎవరైనా తిప్పగల రేడియోలో, ఫోన్ మీదే డయలు తిప్పి ఈ వినికిడి మీకు నప్పుతుందో లేదో చూసుకోవచ్చు. అక్కడ వినిపించేది ఐరోపా ఆకాశం, మనది కాదు. అయినా రుచి తెలుస్తుంది.

ఐదోది, డిజిటల్ రేడియో. దీనికి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఆకాశవాణి 30కి పైగా మీడియం వేవ్ కేంద్రాల్లో డీఆర్ఎం అనే డిజిటల్ ప్రసార పద్ధతి పెట్టి ఏళ్లు గడిచాయి. మీ ఇంట్లో, మీ పక్కింట్లో, మీకు తెలిసినవాళ్లలో ఒక్కరి దగ్గరైనా డీఆర్ఎం రేడియో ఉందా? షార్ట్‌వేవ్‌లో అత్యధిక ప్రసారాలు ఇంకా పాత పద్ధతివే. రాబోయే బస్సు కోసం ఉన్న బస్సు వదులుకోవడం ఎవరి ఇష్టం వాళ్లది.

ఆ సందేశం చెప్పని మాట ఒకటి నేనే కలుపుతాను. సూర్యుడి మచ్చల చక్రం 2024 అక్టోబరు ప్రాంతంలో పతాక స్థాయి తాకింది, ఇక దిగుతుంది. మచ్చలు తగ్గేకొద్దీ ఎక్కువ ఫ్రీక్వెన్సీని వెనక్కి పంపే శక్తి అయనోవరణానికి తగ్గుతుంది, అందుకే రాబోయే ఏళ్లలో 13, 16 మీటర్లు పలచబడతాయి, రాత్రి వినే 31, 41, 49 మీటర్లే దిక్కు. అవి ఇంటి గరగరకు ఎక్కువగా బలయ్యే బ్యాండ్లు. కొత్త సెట్టు మీద మోజుపడే ముందు బల్బుల సంగతి చూడమనడం అందుకే.

ఇదంతా మా బావమరిదికి ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే కొనమంటావా, వద్దంటావా బావా?" అన్నాడు. నా దగ్గర విమానాల బ్యాండు, ఎస్ఎస్‌బీ రెండూ ఉన్న ఎక్స్‌హెచ్‌డేటా డీ-808 ఉంది, కాబట్టి నేను ఈ ఏడాది ఏమీ కొనను. కొత్త మోడల్ వచ్చిందని సెట్టు మార్చే మిత్రులకూ ఇదే చెబుతున్నాను. వాడిది వేరే సంగతి. భీమవరం పక్కన పల్లెటూరు, సొంత డాబా, చుట్టూ చెరువులు, ఇంట్లో ఒక్క రేడియో లేదు. నా రెండో సెట్టు, ఆ హోరు రోజుల్లో కొన్నది, క్లిప్పు పెట్టిన వైరుతో సహా సంక్రాంతికి పట్టుకెళ్లి విని చూడమన్నాను, నచ్చితే కొనుక్కోవచ్చని. ఉగాది వెళ్లింది. సెట్టు ఇంకా తిరిగి రాలేదు.