ఉప్పు కప్పురంబులో తప్పులు వెతికేవాళ్లకు

"వేమనకు ఛందస్సు రాదు, ఉప్పు కప్పురంబు పద్యమే సాక్ష్యం" అనే మెసేజ్ మా కడప గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. వద్దన్నా మళ్లీ మళ్లీ పంపుతున్నారు. 1829లో వేమన పద్యాలను అచ్చువేసిన బ్రౌన్ దొర పేరిట గ్రంథాలయం ఉన్న ఊళ్లోనా ఈ మాట!

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

పాదాల చివర ప్రాస కలవలేదట. ఈ పద్యం ఆటవెలది, దానికి ప్రాస నియమమే లేదు. ఆ నియమం ఉన్న పద్యాల్లోనైనా చూసేది పాదాల చివరను కాదు, ప్రతి పాదంలో రెండో అక్షరాన్ని.

రెండో పాదంలో యతి తప్పిందట, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు కుదరలేదట. చూ, జా అచ్చులు కుదరవు, నిజమే. అక్కడున్నది ప్రాసయతి, అంటే ఆ అక్షరాల బదులు వాటి పక్క అక్షరాలు కలవడం: చూడ, జాడ. రెండింటా డకారమే, ముందు దీర్ఘమే.

నాకు ఒళ్లు మండింది దీనికి: "కప్పురంబు పల్లెటూరి ఉచ్చారణ, కర్పూరంబు అని సరిచేసి పిల్లలకు నేర్పండి" అట. పెట్టి చూడండి. ఉప్పు, కప్పు, రంబు మూడూ హగణాలు, అంటే ఒక గురువు (బరువైన అక్షరం), ఒక లఘువు (తేలిక అక్షరం). "కర్పూ" రెండు గురువులు. ఆటవెలది పాదం మొదట్లో ఉండాల్సింది సూర్యగణాలే, అంటే హగణం గానీ మూడు లఘువుల నగణం గానీ. మరి ఇది ఏ సూర్యగణం? పైగా ఉప్పులో రెండూ పొట్టి అక్షరాలే, గురువు ఎక్కడుంది అని కూడా రాశారు. ద్విత్వానికైనా సంయుక్తానికైనా ముందరి అక్షరం గురువవుతుందని హైస్కూలు పిల్లల్ని అడిగినా చెబుతారు కదా! నొక్క, పుణ్య, విశ్వ అన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

గణం చెడటం ఒక ఎత్తు, చెవికి జరిగే నష్టం ఒక ఎత్తు. ఉప్పు, కప్పు అని పక్కపక్కనే మోగితేనే ఆ రెండూ ఒకే పోలికని కంటికన్నా ముందు చెవి ఒప్పుకుంటుంది. మూడో పాదంలో పురుషులు, పుణ్యపురుషులు. తేడా ఆ ఒక్క "పుణ్య" దగ్గరే. పోలికనూ తేడానూ శబ్దంలోనే కట్టిన పద్యమిది. దీన్ని దిద్ది పిల్లల నోట్లో పెడతారా? ఎవరిచ్చారు ఆ హక్కు?

నాలుగో పాదం ఈ పద్యానికి కొత్త అర్థమేమీ ఇవ్వదన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. ఆ మకుటం తగిలించి ఎవరెవరో రాసినవీ వేమన పేరున చలామణీ అవుతున్నాయన్నదీ నిజమే. అయినా ఆ పాదంలోనూ అయిదు సూర్యగణాలున్నాయి, వి–వి యతి ఉంది. తప్పు చూపించాలంటే ఇంకో పద్యం వెతుక్కోండి.