రీలు తుపాకీకి ఓ మాజీ మేజర్ మనవి

మహారాజశ్రీ దీపావళి రీలు తుపాకీ గారికి,

తమ కొలువులో మేజర్‌గా చేసి రిటైరైన సిపాయి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరి పనితనం గురించి ఇన్నాళ్ళూ ఎవరూ నోరు విప్పలేదు. ఎర్ర రీలు లోపల పెట్టి, కొస పైకి లాగి, మూత నొక్కేసరికి శత్రువు ఇంటికెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేవాడు. రెండు మూడు గుండ్లు బాగానే పేలేవి. తర్వాత రీలు మెలిపడేది. దెబ్బ మందు చుక్క మీద పడకుండా పక్కనున్న ఉత్త కాగితం మీద పడి 'టిక్' అనేది. టిక్కుకి ఎవడూ చావడు కదా, అందుకని 'ఢిష్క్యావ్' మేమే నోటితో అనుకునేవాళ్ళం. చివరికి విసుగొచ్చి, మిగిలిన రీలంతా మడతపెట్టి అరుగు మీద రాయితో ఒక్కటిచ్చేవాళ్ళం. దాంతో ఆయుధాగారం ఖాళీ.

1999లో కార్గిల్ వచ్చింది. ఆ ఏడు మా వీధిలో తమరు లేని ఇల్లు లేదు. పంటలు వేసుకుని ఓడినవాళ్ళు పాకిస్తాన్. దానికి ఎవడు ఒప్పుకుంటాడు? ఏడుపులు, అలకలు. ఆఖరికి పూటకోసారి జట్లు మారాలని ఒప్పందం కుదిరింది, పొద్దున శత్రువు మధ్యాహ్నం జవాను. ఎవరో ఇల్లు కట్టుకుంటూ రోడ్డు మీద పోయించిన ఇసుక గుట్టే మా టైగర్ హిల్. మేస్త్రీ కర్ర పట్టుకుని వస్తే మాత్రం రెండు దేశాల సైన్యాలూ ఒకే గోడ దూకి పారిపోయేవి.

నియమాలు గట్టివే. చచ్చినవాడు యాభై అంకెలు లెక్కపెట్టేదాకా లేవకూడదు. 'నాకు తగల్లేదు' అని మొండికేసినవాణ్ణి ఆటలోంచి గెంటేసేవాళ్ళం. చెప్పు తెగినా, అమ్మ పిలిచినా 'తూచ్' అంటే చాలు, కాల్పుల విరమణ. ఐక్యరాజ్యసమితిని ఎవరూ పిలవలేదు.

ఆ కార్గిల్‌లోనే, జూన్ 28న, ద్రాస్ సెక్టార్‌లో హైదరాబాద్‌కి చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య చనిపోయారు. మహావీర చక్ర ఇచ్చారు. ఆయన పోయిన కొన్ని నెలలకు కూతురు పుట్టింది. మా మేజర్లం యాభై లెక్కపెట్టి, ఇసుక దులుపుకుని లేచేవాళ్ళం. ఈ తేడా బుర్రకెక్కే వయసు వచ్చాక తమరిని అటక మీద పడేశాం. అప్పటికే అందరి చేతిలోకీ క్రికెట్ బ్యాట్లు కూడా వచ్చాయి, అది వేరే సంగతి.

ఇంతకీ మనవి ఏమిటంటే, మేం మానేసిన ఆట పెద్దవాళ్ళు మొదలెట్టారు. 2025లో పాకిస్తాన్‌తో కాల్పులు నడుస్తుండగా, మే 8 రాత్రి కొన్ని జాతీయ ఛానళ్ళు కరాచీ పోర్టుని ధ్వంసం చేసి, ఇస్లామాబాద్‌ని కూడా పట్టేసుకున్నాయి. తెల్లారి చూస్తే రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. స్టూడియోల్లో సైరన్లు మోగించకండి బాబూ, రేపు నిజంగా మోగితే జనం పట్టించుకోరు అని ప్రభుత్వమే చెప్పుకోవాల్సి వచ్చింది. 10న కాల్పుల విరమణ అనగానే, ఆ మాట ప్రకటించిన పాపానికి విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీని కూతురితో సహా ట్రోల్ చేశారు. మా ఇసుక గుట్ట మీద తూచ్ అన్నవాడి చెల్లెలి జోలికి ఎవడూ వెళ్ళలేదు.

ఆ వారంలోనే శ్రీ సత్యసాయి జిల్లా కల్లి తండా కుర్రాడు, అగ్నివీర్ మురళీ నాయక్, నియంత్రణ రేఖ దగ్గర ప్రాణం వదిలాడు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక అంకుల్ ఆ ఫోటో కింద దండం బొమ్మ పెట్టి, ఆ వెంటనే 'ఆపకూడదు, లాహోర్ దాకా పోవాల్సిందే' అన్నారు. లిఫ్ట్ పాడైతే ఆయన రెండో అంతస్తు నుంచి పాల ప్యాకెట్‌కి కూడా దిగరు. వాచ్‌మన్ తెచ్చివ్వాలి.

కాబట్టి వచ్చే దీపావళికి తమరు పిల్లల్ని వదిలేసి, తిన్నగా ఆ స్టూడియోలకీ మా గ్రూపుకీ దయచేయండి. ముందు పంటలు వేయించండి. ఓడిన యాంకర్ మధ్యాహ్నం దాకా పాకిస్తాన్. ఏడ్చినా వినొద్దు. తగిలితే పడిపోవాలి, 'నాకు తగల్లేదు' అంటే బయటికే. యాభై అంకెలూ నోరెత్తకుండా మనసులో లెక్కపెట్టాలి. మధ్యలో యాడ్స్ వచ్చినా లేవనివ్వొద్దు.

ఇట్లు
తమ విధేయుడు,
మేజర్ (రిటైర్డ్), ఇసుకగుట్ట రెజిమెంట్

తా.క.: అంకుల్ గారిని పైఅంతస్తు జట్టులో వేయండి. లిఫ్ట్ ఆపించే పూచీ నాది.