ఐదు మందుల ప్రయోగం: ఎవరికి పనిచేసిందన్నదే అసలు సంగతి

డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా (బి-కణాలనే తెల్లరక్తకణాల్లో పుట్టే క్యాన్సర్) వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆర్-చాప్ (రిటుక్సిమాబ్ అనే మందుతో కలిపిన కీమో) అనే మొదటి చికిత్సతోనే కోలుకుంటారు. కష్టమంతా మిగిలినవాళ్లది. జబ్బు తిరగబెట్టినా, మందుకు అసలు లొంగకపోయినా దారులు త్వరగా మూసుకుపోతాయి.

అలాంటి 50 మంది మీద అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ చేసిన తొలిదశ ప్రయోగం ఫలితాలు 2024 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. వెనిటోక్లాక్స్, ఇబ్రూటినిబ్, ప్రెడ్నిసోన్, ఒబినుటుజుమాబ్, లెనలిడోమైడ్ అనే ఐదు మందులు కలిపి ఇచ్చారు. మామూలు కీమో లేదు. ఇన్ని మందులెందుకంటే, ఈ కణాలు బతకడానికి ఒకే దారిని నమ్ముకోవు. కణాన్ని పెరగమనే బీటీకే సంకేతాన్ని ఇబ్రూటినిబ్ ఆపినా, కణం చావకుండా కాపాడే బీసీఎల్-2 అనే ప్రోటీన్ అండతో నిలదొక్కుకోగలవు. ఆ అండను వెనిటోక్లాక్స్ తీసేస్తుంది. హాడ్జ్‌కిన్ లింఫోమాకు నాలుగు మందులు కలిపి ఇచ్చి నయం చేయవచ్చని 1960ల్లో చూపించిందీ ఈ సంస్థే.

54 శాతం మందిలో గడ్డలు తగ్గాయి, 38 శాతం మందిలో జబ్బు ఆనవాళ్లే లేకుండా పోయాయి. రెండేళ్ల తర్వాత బతికున్నవారు 36 శాతం. వేరే ఆశ లేనివాళ్లకు ఇది చిన్న విషయం కాదు. అయితే నా దృష్టిలో ఇంతకన్నా విలువైన వాక్యం ఇంకోటుంది: జబ్బు పూర్తిగా మాయమైనది రెండు రకాల వాళ్లలోనే. ఒకటి నాన్-జీసీబీ రకం (లింఫ్ గ్రంథిలోని జెర్మినల్ సెంటర్ కణాలను పోలనిది), రెండోది మిక్, బీసీఎల్-2 జన్యువులు రెండూ తారుమారైన డబుల్ హిట్ రకం. మిగతా రకాల్లో ఒక్కరికీ అలా జరగలేదు. దీన్ని వదిలేసి శాతాలు మాత్రమే చెబితే రోగులకు అన్యాయం చేసినట్టే.

ఇది ప్రధానంగా మోతాదునూ భద్రతనూ తేల్చే దశ. పోల్చి చూడటానికి మరో బృందం లేదు. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోవడం తరచుగా కనిపించింది, మోతాదు తేల్చేటప్పుడు ఒకరికి మెదడులో రక్తస్రావమైంది. లెనలిడోమైడ్‌ను హైదరాబాద్ కంపెనీలే తయారుచేస్తున్నాయి. అంతమాత్రాన ఈ కలయికను ప్రయోగం బయట తోచినట్టు వాడటం ప్రమాదం.

మనం ఇప్పుడే చేయగలిగింది రకం తేల్చుకోవడం. నాన్-జీసీబీ అవునో కాదో చెప్పే సీడీ10, బీసీఎల్-6, మమ్1 రంగు పరీక్షలు, జన్యువుల తారుమారు చూసే ఫిష్ పరీక్ష మందుల కన్నా ముందే జరగాలి. రిపోర్టులో ‘బి-సెల్ లింఫోమా’ అని మాత్రమే ఉంటే, ల్యాబ్‌లో దాచిన బయాప్సీ బ్లాక్‌నే మళ్లీ పరీక్షించమని అడగండి. చాలాసార్లు కొత్తగా ముక్క తీయాల్సిన పనే ఉండదు.