కడ్డీకి లైసెన్సు లేదు

ఎన్నికల కోడ్ వచ్చింది కాబట్టి లైసెన్సు తుపాకులన్నీ సాయంత్రంలోగా స్టేషన్‌లో అప్పగించాలని కబురు. నాది తాతల కాలం నాటు తుపాకీ. గొట్టం మూతిలోంచి మందు కూరి, వెనక కేపు పెట్టి పేల్చాలి. పంట కాపలాకు ఇలాంటి తుపాకీని 1959 నాటి ఆయుధాల చట్టమే ప్రత్యేకంగా ఒప్పుకుంటుంది. వెలికొండల కింద వేరుశనగ వేసినవాడికి అడవి పందుల సంగతి చెప్పనక్కరలేదు. నేను పందిని కొట్టను, చప్పుడు చేస్తానంతే. ముందు రాత్రీ చేశాను. పొద్దున కడుగుదామని గుడ్డ చుట్టిన కడ్డీని గొట్టంలోకి దింపానో లేదో, అది సగంలో బిగుసుకుని కూర్చుంది. ముందుకూ పోదు, వెనక్కీ రాదు.

నాటు మందు గుణమే అంత. కాలిన మందులో సగానికి పైగా పొగలో పోకుండా గట్టి మసిగా మిగులుతుంది. గొట్టానికి పట్టిన ఆ మసి గాలిలోని తేమను పీల్చి మడ్డి కడుతుంది. మన నెల్లూరు గాలిలో తేమకు కరువా!

అంతలో మా బావమరిది వీడియోలో ప్రత్యక్షమయ్యాడు. ఒహాయోలో ఉంటాడు. అక్కడ జనవరిలో ఇలాంటి తుపాకులతోనే జింకలను వేటాడటానికి కొన్ని రోజులు కేటాయిస్తారట. ఆ కొన్ని రోజుల పాండిత్యం మాకు ఏడాది పొడవునా అందుతుంది.

"ఇంకా ఆ పాత మందేనా బావా? పైరోడెక్స్ ఉంది కదా" అన్నాడు. అందులోని పెర్‌క్లోరేటు అనే రసాయనం వల్ల మిగిలే ఉప్పు ఇనుమును అసలు మందు కంటే ఎక్కువ తింటుందని మళ్లీ తనే చెప్పాడు. పోనీ ట్రిపుల్ సెవెన్ అన్నాడు. గంధకం ఉండదు, కంపు ఉండదు, కానీ గొట్టం అడుగున గట్టి వలయం కడుతుందట. చివరికి బ్లాక్‌హార్న్ దగ్గర ఆగాడు. మసి నామమాత్రం. డబ్బాలో ఉండేది 10 ఔన్సులే అయినా, 16 ఔన్సుల మామూలు మందు కంటే ఖరీదు. పైగా అది నా చిట్టి కేపుతో సరిగా అంటుకోదు. ఇంకా గట్టిగా నిప్పు చిమ్మే 209 రకం కేపు, అంటే ప్రైమర్ కావాలి, ఆ ప్రైమర్ పట్టాలంటే వేరే తుపాకీ కావాలి. ఇవన్నీ సరే, కడ్డీ ఎలా ఊడుతుందయ్యా అంటే, "రాత్రే కడిగి ఉండాల్సింది బావా" అన్నాడు. సముద్రం దాటి వచ్చే సలహాలన్నీ నిన్నటికే పనికొస్తాయి.

మూతిలోంచి రెండడుగుల కడ్డీ పొడుచుకొచ్చిన తుపాకీతో బస్సులో ఎలా వెళ్లానో వదిలేద్దాం.

స్టేషన్‌లో రైటర్‌గారు లైసెన్సు పుస్తకం తెరిచి, టేపు తెప్పించారు. మడమ నుంచి కడ్డీ కొస దాకా కొలిచారు. "పుస్తకంలో ఉన్న తుపాకీ ఇది కాదు. ఇది పొడుగు" అన్నారు.

"సార్, అది కడ్డీ. ఇరుక్కుంది."

"లోపల మందుందా?"

"లేదు సార్, మసి."

"మసి దేనిది?"

"మందుదే."

"మరి ఉన్నట్టా, లేనట్టా?"

ఇంత సూటి ప్రశ్న నన్ను మా ఆవిడ కూడా ఎప్పుడూ అడగలేదు. రిజిస్టరులో అవును, కాదు అనే రెండు గళ్లే ఉన్నాయి. మసికి గడి లేదు. సరిహద్దు గొడవ మీద వచ్చిన అన్నదమ్ములిద్దరూ తగాదా మరిచి నా తుపాకీ చుట్టూ చేరారు. ఆవనూనె పోయమన్నాడు పెద్దవాడు, కిరోసిన్ అన్నాడు చిన్నవాడు, దాని మీద మళ్లీ మొదలైంది. చివరికి హోంగార్డు ఎదురుగా ఉన్న టీ కొట్టు నుంచి మరిగే నీళ్లు తెచ్చాడు. గుడ్డ పక్క సందుల్లోంచి కాసిన్ని కాసిన్ని దింపాం. కాసేపటికి కేపు పెట్టే రంధ్రంలోంచి కాటుకలాంటి నీరు చుక్కచుక్కగా కారింది. దాంతోపాటు మురిగిన కోడిగుడ్ల కంపు. గంధకపు మసికి నీళ్లు తగిలితే వచ్చే కంపే అది, కానీ వినేవాళ్లెవరు? అందరూ నావైపే అనుమానంగా చూశారు. ఫ్యాను వేగం పెంచారు, అది కంపును లోపలి గది దాకా మోసుకెళ్లింది. ఎస్సైగారు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికొచ్చారు.

"లాగండి" అన్నారు.

మడమ వైపు హోంగార్డు, కడ్డీ వైపు నేను, నా నడుము పట్టుకుని అన్నదమ్ములు. కడ్డీ అంగుళం కదిలింది, ఆగింది, ఉన్నట్టుండి వదిలేసింది. మేం ముగ్గురం బెంచీ మీద పడ్డాం. గొట్టంలో మిగిలిన నల్లనీరు రైటర్‌గారి చొక్కా మీద, ఎన్నికల నియమావళి అంటించిన బోర్డు మీద పడింది.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత టేపు పెట్టి మళ్లీ కొలిచి, పొడవు సరిపోయిందన్నారు. కడ్డీ లైసెన్సులో లేదు కాబట్టి దాన్ని నా చేతికే ఇచ్చారు. రశీదులో ఆయుధం పరిస్థితి అన్నచోట "దుర్వాసన కలదు" అని రాసి, కింద నా చేత సంతకం పెట్టించారు.